ఇల్లు మారునపుడు మొదటి రాత్రి



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు మారి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. కారణము స్పష్టమే. ఆ కాలమున పుట్టిన ఇంటిలోనే పెరిగి, ఆ ఇంటినుండియే కడపటి ప్రయాణము చేయువారు పెక్కుమంది. నేడట్లు కాదు. కుమారుని ఉద్యోగము పట్టణమున, మనుమల చదువు పట్టణమున, వైద్యుడు పట్టణమున. అరువది డెబ్బది యేండ్ల వయస్సున పాత ఇల్లు విడిచి క్రొత్త ఇంటికి పోవలసిన పెద్దలు ప్రతి గ్రామమునను ఉన్నారు. కావున ఇల్లు మారుటను గూర్చి నాకు తెలిసిన సంగతులు కొన్ని నేడు మీకు మనవి చేయుదును.

నేను ముప్పదినాలుగు సంవత్సరములు తెలుగు పండితుడనుగా పాఠశాలలలో పని చేసితిని. బదిలీలమీద ఆరు ఊళ్లు తిరిగితిని. ఆ దినములలో మా సంసారమంతయు ఒక్క ట్రాక్టరులో పట్టెడిది. రెండు మంచములు, ఒక పెట్టె, వంటపాత్రలు, నా పుస్తకములు, అంతియే. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు క్రొత్త ఊరిలో అన్నము వండుకొనెడివారము. అందుచేత ఇల్లు మారుట నాకు చేతనైన విద్యయే యని కొంత గర్వపడుచుంటిని. ఆ గర్వము ఎట్లు అణగినదో ముందుగా చెప్పెదను.

ఉద్యోగవిరమణానంతరము మేము దివిసీమలోని మా తాతలనాటి ఇల్లు విడిచి, మచిలీపట్నమున మా అబ్బాయి కట్టించిన ఇంటికి చేరితిమి. మా తల్లిగారికి అప్పుడు ఎనుబదియెనిమిది సంవత్సరములు. పెండ్లికూతురై అడుగు పెట్టినది మొదలు డెబ్బది యేండ్లు ఆమె ఆ పాత ఇంటనే గడపిరి. వైశాఖమాసమున క్రొత్త ఇంట పాలు పొంగించితిమి. వ్రతము చేసి బంధువులకు భోజనములు పెట్టితిమి. ఆ రాత్రి అక్కడనే నిద్ర చేయవలెనని మా తల్లిగారు రెండు మారులు చెప్పిరి. మంచములు రాలేదనియు, పంకాలు బిగింపలేదనియు చెప్పి నేనే అందరను పాత ఇంటికి మరలించితిని. దీపము పెట్టితిమి, అది చాలునని ఆమెకు సమాధానము చెప్పితిని.

జ్యేష్ఠమాసమున సామాను లారీ కెక్కించితిమి. పులిగడ్డ వద్ద కృష్ణపాయ దాటి పట్టణము చేరుసరికి దీపాలవేళ అయినది. నలుబదికి పైగా మూటలు ముందుగదిలో కుప్పగా పడినవి. ఏ మూటలో ఏమున్నదో ఎవరికిని తెలియదు. మా తల్లిగారి మందులసంచి ఆ కుప్ప అడుగున ఎక్కడనో చిక్కుకొనినది. నడవలో దీపము ఇంకను బిగింపలేదు. ఆమె మంచమును ఖాళీగా కనబడిన చోట వేసి, అలసి అందరమును పడుకొంటిమి.

రాత్రి రెండు గంటలవేళ ఆమె లేచిరి. పాత ఇంట మంచము దిగి ఎడమవైపు గోడమీద చేయి వైచి నాలుగు అడుగులు నడచినచో పెరటిగుమ్మము వచ్చును. డెబ్బది యేండ్లు చీకటిలో నడచిన దారి అది. క్రొత్త ఇంట ఆ నాలుగవ అడుగున గుమ్మము లేదు; జానెడు లోతున దిగుడుమెట్టు ఉన్నది. ఆమె పడిపోయిరి. మేము దీపము వెదకి తెచ్చి లేవనెత్తుచుండగా, నొప్పిని గూర్చి కాదు, "గుమ్మం ఇక్కడే ఉండాలి కదరా నాయనా, ఎటు పోయిందిరా?" అని అడిగిరి. కుడిచేతి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టుతో ఉండవలసి వచ్చినది. రక్తపుపోటు మాత్రలు మూడవనాటికి గాని దొరకలేదు.

ఇందులో లారీవాని తప్పు లేదు, కూలీల తప్పు లేదు. ఒక గాజుపాత్రయైనను పగులలేదు. తప్పు నాది. నేను సామాను చేరుటను గూర్చి ఆలోచించితిని గాని, చేరిన రాత్రి ఆ ఇంట ఎవరు ఎక్కడ పడుకొందురు, ఏవేళ లేతురు, ఏ దారిని నడతురు అని ఆలోచింపలేదు. ఆనాటినుండి ఇల్లు మారువారు ఎవరు నన్ను అడిగినను ఒక్కమాటయే చెప్పుచున్నాను: మొదటి రాత్రిని ముందుగా తలచుకొనుడు; అక్కడినుండి వెనుకకు లెక్క కట్టుకొనుచు రండు.

గృహప్రవేశమైన రాత్రి ఆ ఇంట నిద్ర చేయవలెనను ఆచారమునకు ఎంత ప్రయోజనమున్నదో నాకు అప్పుడు తెలిసినది. సామాను లేని ఇంట చాపలమీద ఒక రాత్రి పడుకొనినచో ఆ ఇంటి గుణదోషములు అన్నియు బయటపడును. దీపపు మీట మంచమునుండి చేతికందునా, స్నానపుగదిలో నేల జారునా, రాత్రి కుళాయిలో నీరు వచ్చునా, దోమలు ఏ కిటికీనుండి వచ్చుచున్నవి, ఏ మెట్టు ఎత్తు ఎక్కువ, ఇవి పగటివేళ తాపీమేస్త్రీ చూపగా తెలియవు. కనుక పాలు పొంగించిన రాత్రి ఆ ఇంటనే పడుకొనుడు. ముఖ్యముగా ఇంటిలో వృద్ధులున్నచో వారిని పడుకొనబెట్టి, వారు లేచి నడచుట కన్నులార చూడుడు. తెల్లవారిన తరువాత సరిచేయవలసినవి ఒక కాగితముమీద వ్రాసికొనుడు. సామాను తెచ్చుటకు ముందే వానిని సరిచేయించుడు.

ముహూర్తమును గూర్చి ఒక మాట. ఆషాఢమున ఇల్లు మారుట మనవారికి ఆచారము కాదు. ఆ నెలలో వానలు పట్టును, పొలముపనులు ముమ్మరమగును. బండ్లును మనుష్యులును దొరకరు. ఆచారమును నమ్మువారికిని నమ్మనివారికిని ఆ కారణము ఒక్కటియే చాలును. అయితే ముహూర్తము తెల్లవారుజామున నాలుగు గంటల కున్నదని సామాను సయితము ఆ వేళకే చేర్పవలెనని ఆరాటపడనక్కరలేదు. ముహూర్తమునకు దీపము, దేవుని పటము, పసుపు, ఉప్పు, పాలు వెళ్లినచో చాలును. మంచములు, బీరువాలు తరువాత ఒక మంచి పగటివేళ వెళ్లవచ్చును. ఈ రెండింటిని వేరుచేసికొనినచో సగము కష్టము తీరును.

ఇక వెనుకకు లెక్క కట్టుదము. బయలుదేరుటకు ఒక నెల ముందు చేయవలసినది వస్తువుల ఏర్పాటు. ఇంటిలోని సామానును నాలుగు భాగములు చేయుడు: వెంట వచ్చునవి, బంధువుల కిచ్చునవి, అమ్మునవి, పారవేయునవి. ఈ పని పిల్లలు ఒక్కరే చేయరాదు, పెద్దలు ఒక్కరే చేయరాదు. పిల్లలు చేసినచో రోలును తిరగలియు వీధిపాలగును. పెద్దలు చేసినచో విరిగిన కుర్చీకాలు సయితము లారీ యెక్కును. మా ఇంట ఒక నియమము పెట్టుకొంటిమి. మా తల్లిగారు ఏ పది వస్తువులు కోరిరో అవి ప్రశ్న లేకుండ రావలెను. తక్కినవానిని గూర్చి కోడలి మాట చెల్లవలెను. ఆమె కోరిన పదింటిలో వెండి లేదు, ఇత్తడి గంగాళము లేదు. పెరుగు చిలుకు కవ్వము, మా తండ్రిగారి చేతికఱ్ఱ, వత్తులపెట్టె, ఇట్టివే ఉన్నవి. అడుగకపోయినచో వీనిలో ఒక్కటియు మాకు తోచియుండదు.

పెద్ద వస్తువులకు కొలత తీయుడు. క్రొత్త ఇంటి గుమ్మముల వెడల్పు, మెట్లమలుపు, గది పొడవు టేపుతో కొలిచి వ్రాసికొనుడు. తరువాత భోషాణమును, బీరువాను, పందిరిమంచమును కొలువుడు. మా భోషాణము మూడు అంగుళముల తేడాతో గుమ్మమున పట్టక ఒక రాత్రియంతయు వరండాలో ఉండిపోయినది. కొలిచి చూచినచో దాని కాళ్లు ముందే ఊడదీయించి యుందును. కూలీలమీద కేకలు వేయుట తప్పియుండును.

పాడిపశువు నెవరికైన నప్పగించునెడల బయలుదేరు దినమున అప్పగింపరాదు. పది పదునైదు దినములు ముందుగా ఇచ్చినచో, మేపు తప్పినను పాలు తగ్గినను మీరు దగ్గరనుండి చూచి చెప్పగలరు. తులసిని కూడ ముందుగానే కుండీలోనికి మార్చుడు. వేరు నిలద్రొక్కుకొనిన తరువాత ప్రయాణమునకు తట్టుకొనును.

పదునైదు దినములు ముందు చూడవలసినది కాగితముల సంగతి. దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకములు, పింఛను కాగితములు, వైద్యుని చీటీలు ఒక సంచిలో పెట్టుడు. ఆ సంచి లారీ ఎక్కరాదు. ఇంటి పెద్ద చేతిలోనే ఉండవలెను. ఈ అలవాటు మాకు మా తండ్రిగారు నేర్పినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీదికి ఉప్పెన వచ్చెను. వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ మరునాటినుండి మా తండ్రిగారు తాము జీవించినంతకాలము కాగితములసంచి ఒకటి తలాపున మేకునకు తగిలించియే నిద్రించిరి. ఇల్లు విడుచువానికి ఆ సంచి ఒక్కటి చేతనుండిన చాలునని వారు చెప్పెడివారు.

చిరునామా మారినదని తెలుపవలసిన చోట్లు కొన్ని కలవు. ఆధారులోను బ్యాంకులోను చిరునామా మార్పించుకొనవలెను. ఓటు హక్కునకు 8వ నంబరు ఫారము నింపవలెను. రెండు ఊళ్ల జాబితాలలో పేరుండుట చట్టవిరుద్ధము. ఆహారభద్రత కార్డు గలవారు దేశమున ఏ చౌకధరల దుకాణమునందైనను తమ వంతు ధాన్యము తీసికొనవచ్చును గనుక, కార్డు మారువరకు పస్తుండనక్కరలేదు. పాత ఊరి తపాలా కచ్చేరిలో క్రొత్త చిరునామా వ్రాసి యిచ్చినచో ఉత్తరములను అక్కడికి మరలింతురు. 1972 ఆగస్టు 15వ తేదీ మొదలు మన తపాలాకు ఆరంకెల పిన్ సంఖ్య ఉన్నది. క్రొత్త ఇంటి సంఖ్యను తప్పు లేకుండ వ్రాసికొనుడు. వంటగ్యాసు వేఱొక ఊరికి మార్చుకొనునపుడు సిలిండరును రెగ్యులేటరును పాత ఏజెన్సీలో అప్పగించి కాగితము తీసికొనవలెను. అనగా మొదటి రాత్రి క్రొత్త ఇంట పొయ్యి వెలుగకపోవచ్చును! అందుకు వేఱు ఏర్పాటు ముందే చూచుకొనుడు. విడుచు దినమున విద్యుత్తు మీటరులోని అంకెలు వ్రాసికొనుట మఱవకుడు.

మూటలు కట్టుటకు రెండు సూత్రములు చాలును. మొదటిది, బరువైనవి చిన్న పెట్టెలలోను, తేలికయైనవి పెద్ద పెట్టెలలోను పెట్టవలెను. పుస్తకములు పెద్ద పెట్టెనిండ నింపినచో దానిని ఎత్తుటకు ఇద్దరు చాలరు, అడుగు ఊడిపోవును. పఱుపులు, దిండ్లు ఎంత పెద్ద మూటయైనను బాధ లేదు. రెండవది, ప్రతి మూటమీదను అంకెయు, చేరవలసిన గది పేరును పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఆ అంకెకు ఎదురుగా లోపల ఏమున్నదో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పాఠశాలలో హాజరుపట్టీ వ్రాసిన నాకు ఈ పని తోచకపోవుట వింతయే. దింపునపుడు ఆ పుస్తకము చేతబట్టి పేరు పిలిచినట్లు పిలిచినచో ఏ మూట రాలేదో వెంటనే తెలియును.

ఊరగాయ జాడీలకు మూతిమీద పలుచని గుడ్డ వైచి, మూత పెట్టి, త్రాటితో బిగించి, గంపలో ఎండుగడ్డి నడుమ నిలువుగా ఉంచుడు. ఆవకాయ నూనె ఒలికినచో పఱుపు పనికిరాదు, చీర పనికిరాదు. తాళపత్రగ్రంథములు ఇంట నున్నవారు వానిని మెత్తని నూలుగుడ్డలో చుట్టి, రెండు పలకల నడుమ కట్టి, పొడిగా ఉన్న చేతిపెట్టెలో తీసికొనిపోవుడు. వానిపై బరువు పెట్టకుడు. శీతలపేటికను ముందునాడే ఆపి, నీరు తుడిచి, నిలువుగానే తీసికొనిపోవలెను. దారిలో పడుకోబెట్టవలసి వచ్చినచో, నిలబెట్టిన తరువాత కొన్ని గంటలు ఆగి గాని విద్యుత్తు ఇయ్యరాదు. ఇన్సులిను వాడువారు దానిని ఎండ తగులు వాహనములోని సామానుతో పంపక, చల్లని పెట్టెలో తమవెంట నుంచుకొనవలెను. అది గడ్డకట్టినను చెడును, కాగినను చెడును.

ప్రయాణదినమున ఇంటివారు ఇద్దరుగా విడిపోవలెను. ఒకరు పాత ఇంట సామాను ఎక్కించుచుండగా, మఱియొకరు క్రొత్త ఇంట ముందే ఉండి, తుడిపించి, నీరు పట్టి, దీపములు వెలుగుచున్నవో లేదో చూడవలెను. కూలి ఎంతయో ముందుగా మాట్లాడుకొనుడు. మెట్లు ఎక్కవలసి యున్నచో ఆ సంగతి అప్పుడే చెప్పుడు. మోయువారికి మధ్యాహ్నము భోజనము, మజ్జిగ ఇచ్చుట మన ధర్మము. పొద్దుండగా చేరునట్లు బయలుదేరవలెను. మేము చేసిన మొదటి పొరపాటు దీపాలవేళకు చేరుటయే.

లారీలో మొదట ఎక్కినది చివర దిగును, చివర ఎక్కినది మొదట దిగును. మొదటి రాత్రికి కావలసినవన్నియు చివర ఎక్కించుటలోనే రహస్యమంతయు ఉన్నది. అవి ఏవి? ప్రతి మనిషికి ఒక పడక. త్రాగునీటి బిందె, చెంబు. ఒక పూట అన్నమునకు బియ్యము, పప్పు, ఉప్పు, ఒక గిన్నె. లేదా వండి తెచ్చుకొనిన పులిహోర. అగ్గిపెట్టె, కొవ్వొత్తి, చేతిదీపము. దోమతెర. ఒక సుత్తి, నాలుగు మేకులు, కొంచెము త్రాడు. మందులు మాత్రము లారీలో కాదు, కాగితములసంచితో పాటు చేతిలో. ఈ వస్తువులున్న మూటకు 1 అను అంకె వేయుడు. తక్కిన మూటలు నాలుగు దినములు విప్పకపోయినను కొంప మునగదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. క్రొత్త ఇంట మొట్టమొదట పరచవలసిన పడక ఆ ఇంటి వృద్ధులది. పాత ఇంట వారి మంచము ఏ దిక్కునకు ఉండెడిది, ఏ ప్రక్కకు దిగెడివారు, చెంబు ఏ చేతికి అందెడిది, కళ్లజోడు ఎక్కడ పెట్టెడివారు, ఇవి ముందే గమనించి వ్రాసికొనుడు. సాధ్యమైనంతవరకు అట్లే అమర్చుడు. దారిలో మెట్టున్నచో దాని అంచున తెల్లరంగు పూయించుడు. రాత్రియంతయు ఒక చిన్న దీపము వెలుగనిండు. పగలు వెలుతురుండగా వారి చేయి పట్టుకొని మంచమునుండి స్నానపుగదివరకు మూడు నాలుగు మారులు నడిపించుడు. మొదటి వారము ఎవరైన నొకరు వారి గదిలోనే పడుకొనుడు.

వృద్ధులైన శ్రోతలకు కూడ ఒక మనవి. పిల్లలకు శ్రమయని సంకోచపడి మీరు నోరు మూసికొనకుడు. నాకు మంచము ఈ గోడప్రక్కన కావలెనని చెప్పుడు. మీ మందులసంచి మీ చేతనే ఉంచుకొనుడు. మా తల్లిగారు నిద్ర చేయవలెనని రెండు మారులు చెప్పి ఊరకుండిరి. మూడవమారు చెప్పియున్నచో వినియుందునని ఇప్పుడు నాకు నేను చెప్పుకొనుచుందును; రెండు మారులు విననివాడు మూడవమారు వినునా యని సందేహమును కలుగుచుండును.

పాత ఇల్లు విడుచునపుడు ఊడ్చి, ముగ్గు వేసి, దీపము పెట్టి బయలుదేరుడు. ఇరుగుపొరుగువారితో ముందునాడే చెప్పిరండు. లారీ ఎక్కుచు చెప్పిన మాట మాట కాదు. అప్పులు, అరువులు ఏవియున్నను తీర్చివేయుడు. తాళపుచెవి ఎవరి చేత నుండునో పదిమంది ఎదుట చెప్పుడు.

కట్టు విప్పిన తరువాత నేను మా తల్లిగారి మంచమును తూర్పుగది గోడప్రక్కకు మార్చి, ఎడమవైపు నాలుగు అడుగులలో స్నానపుగది గుమ్మము వచ్చునట్లు అమర్చితిని. గోడవెంట ఒక కఱ్ఱ బిగించితిని. ఆ రాత్రి నేను మేలుకొనియుండి చూచితిని. రెండు గంటలవేళ ఆమె లేచి, ఎడమచేయి గోడమీద వైచి, నాలుగు అడుగులు నడచి, గుమ్మమును తడిమి చూచి, ఒక్క క్షణము నిలిచిరి. తరువాత లోనికి పోయి మరలివచ్చి పడుకొనిరి. మరునాడు ఉదయము ఆమె నాతో ఏమియు అనలేదు. కోడలిని పిలిచి, కవ్వము ఏ మూటలో ఉన్నదో తీయుమని అడిగిరి. మేము ఆ ఇంట కాపురము పెట్టిన దినము అదియే యని నేను లెక్క వేసికొనుచున్నాను.

ఇల్లు మారబోవు పెద్దలందరకును మొదటి రాత్రి సుఖనిద్ర కలుగుగాక! సెలవు.